పరంజా పాఠం ఫోన్లో చెప్పొచ్చా?

ప్రశ్న: రాజాం దగ్గర ఇళ్లు కట్టే మేస్త్రిని. నా కింద 14 మంది, అందులో ఐదుగురు ఆడవాళ్లు, ఇద్దరు ఒడిశా కుర్రాళ్లు. పోయిన నెల ఒకతను పరంజా మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచీ సేఫ్టీ వీడియోలు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. అందరివీ నీలం టిక్కులే, సైటులో మాత్రం ఎవరి పద్ధతి వారిదే. కళ్లకు పెట్టుకుంటే నిజంగా అక్కడే ఉన్నట్టు చూపించే వీఆర్ పెట్టె కొంటే బాగా నేర్చుకుంటారని ఎవరో అన్నారు. కొనమంటారా?

జవాబు: కొనకండి. పెద్ద కంపెనీలు దాన్ని వాడుతున్న మాట నిజమే, కళ్లకు పెట్టుకుని పదో అంతస్తు అంచున నిలబడితే గుండె గుభేలుమంటుంది కూడా. కానీ అందులో కనిపించేది ఇనప పైపుల పరంజా, మీరు కట్టేది సరుగుడు బాదులూ కొబ్బరి తాడుతో. ఆ డబ్బు పెట్టి మంచి చెక్కలు, బెల్టులు, ఐఎస్ఐ మార్కు హెల్మెట్లు కొనండి.

మీ వీడియోలు ఎందుకు పనిచెయ్యలేదంటే, అవి ఎక్కడో ఎవరో తీసినవి. మీవాళ్లు చూశారు, ఇది మనకి కాదనుకున్నారు, తర్వాతి రీల్‌కి పోయారు. రేపు పొద్దున్న పని మొదలయ్యే ముందు ఫోను పట్టుకుని మీ సైటే ఒక చుట్టు తిరగండి. నిచ్చెన కాళ్లు ఇసక కుప్ప మీద ఉన్నాయా, నిన్నటి వానకి తాడు కట్టు వదులైందా, చెక్క చివర కింద బాదు లేకుండా గాల్లో ఉందా, ఏది కనిపిస్తే అది ఫొటో తీసి, అందరినీ దగ్గరకు పిలిచి "ఇందులో తప్పెక్కడుందో చెప్పండి" అనండి. జవాబు మాత్రం మీరు చెప్పకండి. మొదటి రోజు నవ్వుతారు, నాలుగో రోజుకి వాళ్లే ఇంకో తప్పు చూపిస్తారు. ఫొటోలో మనిషి మొహం పడనివ్వకండి, కూలి కోస్తాననో పరువు తీస్తాననో అనకండి, అన్నారంటే ఆ మర్నాటి నుంచి తప్పులు మీ కంటపడవు, దాచేస్తారు.

తప్పు సరిదిద్దాక అదే చోట రెండో ఫొటో తీసి, రెండూ పక్కపక్కన గ్రూపులో పెట్టండి. నిచ్చెన సంగతే చూడండి, అది గోడకు ఆనిన ఎత్తులో నాలుగో వంతు దూరంలో కాళ్లుండాలి, అంటే 12 అడుగుల ఎత్తుకి 3 అడుగులు. ఇది నోటితో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు, కింద టేపు పెట్టి కొలుస్తూ అర నిమిషం వీడియో తీస్తే గుర్తుంటుంది. ఆ వీడియోలో మీరు మాట్లాడకండి, "బావూ, మా తాతల కాడ్నుంచీ ఇలాగే కడతన్నాం" అనే పెద్దాయన ప్రతి సైటులోనూ ఒకరుంటారు కదా, ఆయన చేతే చెప్పించండి. చెప్పినవాడు తప్పు చెయ్యడానికి మొహమాటపడతాడు.

ఒడిశా కుర్రాళ్లకి తెలుగులో పెడితే ఏం లాభం? ఇద్దరిలో తెలుగు బాగా వచ్చిన అబ్బాయి చేత అదే మాట ఒడియాలో వాయిస్ మెసేజ్ పెట్టించండి. ఇక ఆడవాళ్ల సంగతి మీ ఉత్తరంలో లెక్కకే వచ్చింది గానీ, వాళ్లలో ఎంతమందికి సొంత ఫోనుందో చూశారా? ఫోను ఇంట్లో కొడుకు దగ్గరుంటే గ్రూపులో పెట్టింది తల్లికి ఎలా చేరుతుంది? అందుకే పొద్దున్న ఆ ఐదు నిమిషాలూ అందరి ముందూ చూపించాలి. కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర కొంగు బిగించి దోపుకోవడం, అది తిరుగుతున్నప్పుడు చెయ్యి పెట్టకపోవడం, ఆగిపోయిన మిల్లర్‌లో చెయ్యి పెట్టాలన్నా ముందు కరెంటు తీసెయ్యడం, ఇవి ముందు వాళ్లకే తెలియాలి.

ఇంకొకటి, మీ సైటు పక్కన 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు లైను ఉంటే దాన్ని ఫొటో తీసి, ఆ ఫొటోలో తీగ మీద ఎర్ర గీత గీసి చూపించండి. ఇల్లు ఆ తీగకి పక్కకి కనీసం 1.2 మీటర్లు ఎడంగా ఉండాలి, అయితే ఇల్లు ఎడంగా ఉన్నంత మాత్రాన సరిపోదు, మన ఇనుము 40 అడుగుల రాడ్డు, పైకెత్తేటప్పుడు చివర ఎటు తిరుగుతుందో కింద పట్టుకున్నవాడికి కనపడదు. అనుమానంగా ఉంటే రాడ్డు ముట్టుకోకముందే కరెంటు వాళ్ల 1912 నంబరుకి ఫోన్ చెయ్యండి.

చెయ్యి విరిగినతను ఒప్పుకుంటే, ఎలా పడ్డాడో అతని చేతే రెండు నిమిషాలు చెప్పించండి, అది మీ గ్రూపు దాటి బయటికి పోకుండా చూసుకోండి. అన్నట్టు, పరంజా ఎక్కేముందు ఫోన్లన్నీ కింద సంచిలో పెట్టించండి. చెవిలో పాట పెట్టుకుని పైన నిలబడ్డవాడికి కింద నుంచి మీరెంత అరిచినా వినపడదు.

ప్రశ్న: శ్రీకాకుళంలో ఇల్లు కడుతున్నాం. శ్లాబు వేసి వారమే అయింది. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని మావారు సెంట్రింగ్ (శ్లాబు కింద నిలబెట్టిన చెక్కలూ బాదులూ) విప్పించేద్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్ సబబే అమ్మా. శ్లాబు ఆనిన గోడల మధ్య దూరం 4.5 మీటర్ల లోపుంటే శ్లాబు కింద బాదులు 7 రోజులు, దాటితే 14 రోజులు, దూలాల కింద 6 మీటర్ల వరకూ 14 రోజులు, ఆపైన 21 రోజులు ఉంచాలని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. అదీ మామూలు ఓపీసీ సిమెంటుకి, బస్తా మీద పీపీసీ (బూడిద కలిపిన రకం) అని ఉంటే ఇంకా ఆగాలి, ఎన్నాళ్లో మీ ఇంజినీరు గారిని అడగండి. శ్లాబు వేసిన రోజు తీసిన ఫొటో మీ ఫోన్లో ఉండే ఉంటుంది, దాని మీద తేదీ చూసి లెక్కపెట్టుకుని, విప్పాల్సిన రోజుకి మీ ఫోన్లోనూ మీవారి ఫోన్లోనూ మేస్త్రి ఫోన్లోనూ అలారం పెట్టించండి. ఆ రోజు బాదులు తీసేటప్పుడు పిల్లల్నీ చుట్టాల్నీ కిందకి రానివ్వకండి.