చనిపోయిన నాయకుడి మీద తీర్పు ఎందుకు మారుతుంది?

వివాదాస్పద నాయకుడు పోయాక అతని పేరు ఒకసారి మకిలిపట్టి, మరోసారి మెరవడానికి కారణం ఏమిటంటే, ముందు చూడాల్సింది ఆ సమయంలో అధికారం ఎవరి చేతిలో ఉందన్నది.

రాజు ఒకటో చార్లెస్ మరణశిక్ష పత్రం మీద సంతకం పెట్టి, తర్వాత రాజు లేని ఇంగ్లండ్‌ను తానే ఏలిన ఆలివర్ క్రామ్‌వెల్ 1658లో చనిపోతే, ఇంగ్లండ్ రాజలాంఛనాలతో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేసింది. రెండేళ్లలో రాజరికం తిరిగొచ్చింది. 1661లో శవాన్ని తవ్వితీసి ఉరికొయ్యకు వేలాడదీశారు (చచ్చినవాడికి ఉరి!), తల నరికి వెస్ట్‌మినిస్టర్ హాలు పైన గుచ్చారు. ఆ తర్వాత చాలాకాలం ఎక్కువమందికి అతను రాజహంతకుడు, కపటి.

1845లో చరిత్రకారుడు థామస్ కార్లైల్ అతని ఉత్తరాలు, ప్రసంగాలు అచ్చువేశాక గాలి మళ్లింది. ఓటుహక్కు విస్తరిస్తున్న ఆ కాలానికి రాజును ఎదిరించినవాడు పనికొచ్చాడు. సైన్యంతో పార్లమెంటును ఖాళీ చేయించిన సంగతి మాత్రం వెనక్కి పోయింది. 1899లో ఆ పార్లమెంటు బయటే విగ్రహం వెలిసింది.

అయితే విగ్రహానికి ప్రభుత్వ సొమ్ము ఇవ్వడాన్ని ఐర్లండ్ సభ్యులు గట్టిగా వ్యతిరేకించారు. 1649లో ఐర్లండ్ పట్టణం డ్రోహెడాలో అతని సేన సాగించిన ఊచకోతను వాళ్లు మరవలేదు. అక్కడ ఆ పేరు ఇప్పటికీ చేదే.