డ్రిల్ ఆగాక కూడా మాస్కు తీయకమ్మా

చిన్నమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

అమలాపురంలో ఈఎన్‌టీ ఆపరేషన్ థియేటర్‌లో చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ముప్పై ఏళ్లు ఆ పనే చేసినదాన్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నా.

మాస్టాయిడ్ కేసుకి, అదే చెవి వెనక ఎముక ఆపరేషన్‌కి, మామూలు సర్జికల్ మాస్కుతో నిలబడకు. డ్రిల్‌తో ఆ ఎముకని తొలిచేటప్పుడు నీళ్లు పోస్తారు కదా, ఆ నీళ్లూ రక్తమూ ఎముక పొడీ కలిసి కంటికి కనబడని తుంపరగా లేస్తాయి. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి సన్న గొట్టం ఉంది, అక్కడి క్రిమి ఇక్కడా ఉండొచ్చు. 2020లో కోవిడ్‌తో చనిపోయినవాళ్ల మధ్య చెవిలో, మాస్టాయిడ్‌లో ఆ వైరస్ దొరికింది కూడా.

నాకైతే కోవిడ్ కంటే ముందే బుద్ధొచ్చింది. లాకుల దగ్గర ఈతకొట్టి చెవి చీము పట్టిందంటూ ఓ కుర్రాడొచ్చాడు. నొప్పి లేదు, కారడం మాత్రం ఆగదు. ఆపరేషన్‌లో తీసిన ముక్క ల్యాబ్‌కి పంపితే, రెండు వారాలకి టీబీ అని రిపోర్టు! గుడ్డ మాస్కులతో నిలబడ్డ మేమంతా ఎక్స్‌రేకి వరస కట్టాం. ఎవరికీ ఏమీ కాలేదులే. గ్లాసుతో టీబీ అంటదని తెలిసి కూడా ఇంట్లో నెల రోజులు నా గ్లాసు వేరుగా పెట్టుకున్నా.

అందుకే ఎన్-95 పెట్టుకో, వాల్వు లేనిది. ముక్కు దగ్గర పట్టీ నొక్కి గట్టిగా ఊదు. కళ్లకి గాలి తగిలిందంటే సరిగ్గా కూర్చోలేదన్నమాట. మన ఉక్కకి చెమటతో తడిసిపోతుంది, తడిస్తే మార్చెయ్. మైక్రోస్కోప్‌కి అడ్డమని సర్జన్లు కళ్లజోడు మానేస్తారు, నీకా సాకు లేదు. డ్రిల్ పక్కనే తుంపరని లాగేసే సక్షన్ గొట్టం ఇంకోటి పట్టమని అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ.

అసలు తప్పు జరిగేది చివర్లో. డ్రిల్ ఆగగానే అందరూ మాస్కు గడ్డం కిందకి లాగేస్తారు. మత్తిచ్చినప్పుడు ఊపిరికి గొంతులో వేసిన గొట్టం తీసేటప్పుడు పేషెంటు దగ్గేది అప్పుడే. గంటకి 12 సార్లు గాలి మారే గదిలో కూడా గాల్లోని తుంపర 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప బయటికి పంపదు. కాబట్టి ఊడ్చే ఆయమ్మని వెంటనే లోపలికి పంపకు, ఆవిడకి మాస్కు కూడా సరిగ్గా ఇవ్వరు. గ్లౌజులు ముందు తీసెయ్, మాస్కు మాత్రం తలుపు దాటాక, చేతులు కడుక్కుని, తాడు పట్టుకుని తియ్యి.

మీ థియేటర్‌లో ఎగ్జాస్ట్ ఉందా? సంక్రాంతికి వచ్చేలోపు కనుక్కుని చెప్పు.

మీ పెద్దమ్మ