ఫెడరల్ జడ్జి కావాలంటే ఇప్పటినుంచే రాసిపెట్టుకో

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. అమెరికాలో ఫెడరల్ డిస్ట్రిక్ట్ జడ్జి (కేంద్ర కోర్టుల్లో మొదటి మెట్టు జడ్జి) కావాలని ఉంది, ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి అని అడిగావు. మీ నాన్నయితే పరీక్ష ఎప్పుడు, సిలబస్ ఏంటి అంటున్నాడు. మన ఊళ్లో ఏడేళ్ల ప్రాక్టీసున్న లాయరు పరీక్ష రాసి జిల్లా జడ్జి కావచ్చు. పేరు ఒకటే గానీ ఇక్కడ అమెరికాలో లెక్క వేరు. ప్రెసిడెంట్ పేరు పంపాలి, సెనెట్ ఓటెయ్యాలి, ఆ తర్వాత కుర్చీ జీవితాంతం. ఎంత వయసుండాలో, లా డిగ్రీ ఉండాలో లేదో రాజ్యాంగంలో ఒక్క ముక్క కూడా లేదు. నిన్ను తూచేది నీ పన్నెండు, పదిహేనేళ్ల పని. ఆ పనికి కాగితం నువ్వే దాచుకోవాలి.

ముందు ఖాళీలు ఎలా వస్తాయో చూడు. జడ్జి పోయినా, రిటైరైనా, అప్పీలు కోర్టుకు వెళ్లినా కుర్చీ ఖాళీ అవుతుంది. ఎక్కువగా వినపడేది మాత్రం సీనియర్ స్టేటస్, అంటే జడ్జిగానే ఉంటూ పని తగ్గించుకుని కుర్చీ ఖాళీ చేయడం. 65 ఏళ్ల వయసు, 15 ఏళ్ల సర్వీసు ఉంటే తీసుకోవచ్చు. వయసు ఒక్కో ఏడు పెరిగేకొద్దీ సర్వీసు ఒక్కో ఏడు తగ్గుతుంది, 70కి 10 చాలు. మీ డిస్ట్రిక్టు జడ్జీలు పుట్టిన సంవత్సరం, చేరిన తేదీ ఫెడరల్ జుడీషియల్ సెంటర్ సైటులో ఉంటాయి. ఒక పూట కూర్చుని పట్టీ వేసుకో. అర్హత రాగానే అందరూ లేచిపోరు, కొందరు తమకు నచ్చిన ప్రెసిడెంట్ వచ్చేదాకా ఆగుతారు.

తర్వాత మీ రాష్ట్ర సెనెటర్లు. నామినేషన్ వచ్చాక సెనెట్‌లోని జుడీషియరీ కమిటీ ఇద్దరికీ నీలి కాగితం పంపుతుంది, దాన్నే బ్లూ స్లిప్ అంటారు. ఒకరు తిరిగి పంపకపోయినా పేరు అక్కడే ఆగిపోతుంది. అప్పీలు కోర్టుల విషయంలో ఈ మర్యాద ట్రంప్ మొదటి హయాంలోనే పోయింది గానీ డిస్ట్రిక్ట్ జడ్జీలకు నిలిచింది. కొన్ని రాష్ట్రాల్లో సెనెటర్లు లాయర్లతో కమిటీ వేసి, నోటీసు ఇచ్చి, దరఖాస్తులు తీసుకుని ఇంటర్వ్యూలు చేస్తారు. ఆ కమిటీలో కూర్చునేవాళ్లకు నీ పని తెలిసి ఉండాలి. తెలుగు సంఘం వేదిక మీద సెనెటర్‌తో దిగిన ఫోటో దీనికి అక్కరకు రాదు. కోర్టు అప్పగించే ఉచిత కేసులు తీసుకో, లోకల్ ఫెడరల్ బార్ (లాయర్ల సంఘం) పనుల్లో చెయ్యి వెయ్యి.

2021లో కనెక్టికట్‌లో జడ్జి అయిన సరళ నాగల దారి చూడు: అప్పీలు కోర్టు జడ్జి దగ్గర లా క్లర్క్ (తీర్పుల పనిలో సాయపడే లాయరు), తర్వాత ప్రైవేటు సంస్థ, ఆ తర్వాత తాను జడ్జి అయిన డిస్ట్రిక్టులోనే ఫెడరల్ ప్రాసిక్యూటర్. లాయరును పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే డిఫెండర్ ఆఫీసు నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. మధ్యలో డిస్ట్రిక్ట్ జడ్జీలకు సాయంగా ఉండే మెజిస్ట్రేట్ జడ్జి మెట్టు కూడా ఉంది. లాయరుగా బార్‌లో కనీసం అయిదేళ్లు ఉండాలి, పదవి ఎనిమిదేళ్లు, ఎంచుకునేది డిస్ట్రిక్ట్ జడ్జీలే. నీకైతే ఇదే నప్పుతుందని నాకనిపిస్తుంది, ఇందులో సెనెట్ గొడవ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నామినేట్ అయినవాళ్లు నింపాల్సిన సెనెట్ ప్రశ్నావళిలో నువ్వు వాదించిన పది ముఖ్యమైన కేసులు అడుగుతారు. ఒక్కోదానికి కేసు నంబరు, తేదీలు, జడ్జి పేరు, నీ కక్షిదారు ఎవరు, తోటి లాయర్లు, అవతలి లాయర్లు, వాళ్ల అడ్రసులు, ఫోన్ నంబర్లు రాయాలి. తీర్పు దాకా వెళ్లిన కేసులెన్ని, వాటిలో ఎన్ని ఒంటరిగా, ఎన్ని ముఖ్య లాయరుగా, ఎన్ని సహాయంగా చేశావో విడివిడిగా చెప్పాలి. జ్యూరీ ముందు నడిచినవి వంద పాళ్లలో ఎన్నో కూడా అడుగుతారు. చాలామంది తడబడేది ఇక్కడే. సంస్థ మారితే పాత ఈమెయిలు పోతుంది, అవతలి లాయరు ఊరు మారతాడు, పదేళ్ల నాటి కేసులో సాక్షిని క్రాస్ చేసింది నువ్వా, మీ పెద్ద లాయరా అన్నది గుర్తుండదు. తీర్పు వచ్చిన రోజు రాత్రే ఒక పేజీ రాసి దాచు. ఏ సాక్షులు నీవంతు, ఏ మోషన్ (కోర్టుకు పెట్టే అర్జీ) నువ్వు రాశావు, ఎన్ని రోజులు నడిచింది, అంతే. పక్క కుర్చీలో కూర్చున్న కేసుకు ముఖ్య లాయరునని రాయకు. ఫోన్ వెళ్లేది ఓడిపోయిన అవతలి లాయరుకే!

రాసినవీ, మాట్లాడినవీ కూడా అడుగుతారు. ఉగాది సంచికలో వేసిన తెలుగు వ్యాసం లెక్కలోకి వస్తుంది. లా స్కూలు క్లబ్బులో ఇచ్చిన ఉపన్యాసమూ అంతే. రాతప్రతి లేకపోతే తేదీ, ఎక్కడ, సారాంశం రాయాలి. నువ్వు చెప్పకుండా వాళ్లు తవ్వి తీస్తే మాట చిన్నదైనా దాచావన్న పేరు మిగులుతుంది.

నీ నేపథ్యం మీద జరిగే ఎఫ్‌బీఐ విచారణకు ఎస్ఎఫ్-86 అనే ఫారం ఉంటుంది. మనవాళ్లకు ఇందులో మూడు చోట్ల చిక్కు. ఇంటిపేరు పాత పాస్‌పోర్టులో ఒకలా, డిగ్రీలో ఒకలా ఉంటే వాడిన పేర్లన్నీ రాయాలి. అమెరికా పౌరులు కాని అమ్మానాన్నలు, తోబుట్టువులు, అత్తమామల వివరాలివ్వాలి. ఊళ్లో పొలం నీ పేరున ఉంటే, లేదా తాతయ్య ఆస్తిలో వాటా ఉంటే, అది విదేశీ ఆస్తి. విదేశీ బ్యాంకు ఖాతాల సంగతీ అంతే: అన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఏటా అమెరికా ఖజానా శాఖకు చెప్పాల్సిందే. మర్చిపోయిన ఏళ్లుంటే ఇప్పుడే సరిచేయించు.

నామినీలను తూచే లాయర్ల సంఘం అమెరికన్ బార్ అసోసియేషన్ వాళ్లు మామూలుగా పన్నెండేళ్ల ప్రాక్టీసు, కోర్టులో వాదించిన అనుభవం చూస్తారు. 2025లో న్యాయశాఖ వాళ్లకు సహకరించడం మానేసింది గానీ పన్నెండేళ్ల లోపు నువ్వెలాగూ తొందరపడకు.

కమిటీ విచారణ గురించి జనం భయపడతారు గానీ అది త్వరగానే ముగుస్తుంది. చాకిరీ అంతా ఆ తర్వాత వచ్చే రాతపూర్వక ప్రశ్నలది. సెనెట్ సభలో 2013 నుంచి సాధారణ మెజారిటీ చాలు, 2019 నుంచి చర్చ ముగింపు తీర్మానం నెగ్గాక డిస్ట్రిక్ట్ జడ్జి పేర్ల మీద రెండు గంటల చర్చే. అయినా సెనెట్ సమావేశాలు ముగిసేలోగా ఓటు రాకపోతే పేరు ప్రెసిడెంట్‌కు వాపసు వెళ్తుంది, మళ్లీ పంపాలి. ప్రైవేటు ప్రాక్టీసులో ఉంటే ఈ నెలల్లోనే దెబ్బ. పేరు బయటపడగానే కొత్త కక్షిదారులు రారు. ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టుకున్నాకే ఒప్పుకో. జీతం 2025లో 247,400 డాలర్లు. పెద్ద సంస్థ పార్ట్‌నరుకు అది దిగుడే. విడి షేర్లు కూడా అమ్మేసుకో. కేసులో ఉన్న కంపెనీది ఒక్క షేరున్నా జడ్జి తప్పుకోవాలి, మ్యూచువల్ ఫండ్‌తో ఆ బాధ లేదు.

నీ ఆరేళ్ల కేసుల్లోంచి అయిదు ఏరి, ఒక్కోదానికి పేజీ చొప్పున, అవతలి లాయరు ఫోన్ నంబరుతో సహా సంక్రాంతిలోగా నాకు పంపు. ఎక్కడ ఖాళీలున్నాయో ఎర్ర సిరాతో గీసి తిప్పి పంపుతాను.

నీ పెదనాన్న