మహారాణి పుట్టింటివారికి దక్కిన బిరుదులు: చైనాలో వాటి అసలు విలువ

చైనా చక్రవర్తులు తమ మామలకు, బావమరుదులకు గొప్ప బిరుదులు ఎందుకు ఇచ్చేవారు, వాటితో అధికారం కూడా వచ్చేదా అని మీరు అడిగారు. చైనాలో వైద్యవిద్య చదువుతున్న రోజుల్లో సెలవులకు బీజింగ్ వెళ్లి, మావోర్ హూతోంగ్ అనే సందులో 35, 37 నంబర్ల ఇళ్ల ముందు నిలబడినప్పుడు నాకూ ఇదే సందేహం కలిగింది. అది చివరి చక్రవర్తి పూయీ భార్య వాన్‌రోంగ్ పుట్టిల్లు. 1922లో వారి పెళ్లి సందర్భంగా ఆమె తండ్రి రోంగ్‌యువాన్‌కు ‘ఛంగ్‌అన్ గోంగ్’ బిరుదు ఇచ్చారు. అప్పటికి పూయీ సింహాసనం వదిలి పదేళ్లయింది. తిరిగి వచ్చాక మా చైనీస్ భాషా ఉపాధ్యాయురాలిని అడిగితే, ఆమె ఆ అక్షరాలను కాగితం మీద రాసి, ‘అన్’ అనే అక్షరం అడుగున హృదయం గుర్తు ఉందని చూపించారు. ‘ఛంగ్’ అంటే స్వీకరించడం, ‘అన్’ అంటే అనుగ్రహం, ‘గోంగ్’ అంటే ఆంగ్లేయులు డ్యూక్ అనే హోదా. ఇది యుద్ధంలో గెలుచుకున్నది కాదని, దయతో వచ్చినదని ఆ పేరే చెబుతోంది.

ఈ తేడాను పేరులోనే ఎందుకు చూపవలసి వచ్చిందో తెలియాలంటే హాన్ వంశం దాకా వెళ్లాలి. ఆ వంశ స్థాపకుడు లియూ బాంగ్, తన వంశానికి చెందనివారెవరూ రాజు కాకూడదని, ఘనకార్యం చేయనివారికి ‘హౌ’ బిరుదు ఇవ్వకూడదని ప్రతిజ్ఞ చేయించాడు. హౌ బిరుదంటే అప్పట్లో ఉత్త గౌరవం కాదు, కొన్ని కుటుంబాలు కట్టే పన్ను ఆ ఇంటికి చేరేది. చక్రవర్తి జింగ్ తన భార్య అన్నకు ఆ బిరుదు ఇవ్వబోతే, మంత్రి జౌ యాఫూ ఈ ప్రతిజ్ఞనే గుర్తుచేసి అడ్డుకున్నాడు. ఆ మంత్రి పోయాక బిరుదు దక్కనే దక్కింది. క్రీ.పూ. 27లో చక్రవర్తి ఛంగ్ తన మేనమామలు ఐదుగురిని ఒకేరోజు హౌలను చేశాడు. ఆ వాంగ్ కుటుంబానికే చెందిన వాంగ్ మాంగ్ క్రీ.శ. 9లో సింహాసనాన్నే ఆక్రమించాడు.

ఈ చరిత్రలో నేను అందరికన్నా ఎక్కువగా గౌరవించేది, హాన్ వంశం తిరిగి అధికారంలోకి వచ్చాక రాజమాతగా ఉన్న ‘మా’ అనే ఆమెను. క్రీ.శ. 77లో కరవు వచ్చినప్పుడు, చక్రవర్తి మేనమామలకు బిరుదులు ఇవ్వకపోవడమే దానికి కారణమని కొందరు అధికారులు విన్నవించారు. ఆ మేనమామలు ఆమె సొంత సోదరులు. అయినా ఆమె ఒప్పుకోలేదు. తన పుట్టింటికి వచ్చిపోయే బండ్లు నీటి ప్రవాహంలాగా, గుర్రాలు ఈదే డ్రాగన్లలాగా కనిపించాయని, అక్కడి సేవకుల అంగీలకు ఉన్న తెల్లని కాలర్లు, చేతులు చూసి తన బండివాడి వైపు తిరిగితే అతడు వారికి ఏమాత్రం సాటి రాలేదని చెప్పింది. వారిని ఆమె తిట్టలేదు, ఏటా ఇచ్చే భత్యం మాత్రం ఆపేసింది. చివరికి 79లో చక్రవర్తి వారిని హౌలుగా చేసినప్పుడు, ఆ సోదరులు బిరుదు తీసుకుని పదవులు వదులుకున్నారు.

పూయీ పుట్టిన ఛింగ్ వంశం బిరుదును, అధికారాన్ని వేరుచేసే ఈ పద్ధతినే స్థిరపరిచిందని నా అభిప్రాయం. మహారాణి తండ్రికి మూడో తరగతి గోంగ్ హోదా, వెండి, బియ్యం రూపంలో ఏటా భత్యం ఉండేవి; ఏలుకోవడానికి భూభాగం ఉండేది కాదు. ప్రభుత్వ పదవుల కోసం జరిపే 1865 పరీక్షలో దేశం మొత్తానికీ ప్రథముడిగా నిలిచిన మంగోల్ పండితుడు ఛోంగ్‌ఛీ కూతురు 1872లో మహారాణి కాగానే ఆయనకూ ఈ బిరుదు వచ్చింది, ఆ కుటుంబాన్ని పాలక జాతి అయిన మంచూల పై శ్రేణి ‘పతాకం’ (సైనిక విభాగం) లోకి మార్చారు. అయితే 1875 జనవరిలో అల్లుడు, రెండు మూడు నెలలకే కూతురు చనిపోయారు. బిరుదు మాత్రం ఆయనకు మిగిలింది. 1900లో విదేశీ సేనలు బీజింగ్‌ను పట్టుకున్నప్పుడు తన ఇంట్లోవారు ఆత్మహత్య చేసుకున్నారని విని, ఆయన బావోదింగ్‌లో ఉరివేసుకున్నాడు.