పాలకొల్లులో నున్నగా, భీమవరంలో బుస్సుమంటూ

ప్రశ్న: అక్కా, మాది పాలకొల్లు. ఉద్యోగం భీమవరంలో, రోజూ బస్సు. నాది ఒత్తుగా ఉంగరాలు తిరిగే జుట్టు. ఏడొందలు పెట్టి కొన్న స్ట్రెయిట్‌నర్‌తో పొద్దున్నే అరగంట కుస్తీ పడతాను, తీరా వీరవాసరం దాటేసరికి మళ్లీ లేచిపోతోంది. దానికి ఆన్, ఆఫ్ తప్ప ఇంకో మీట లేదు. చివర్లు చిట్లుతున్నాయి కూడా. రెండున్నర వేల లోపు రోజూ వాడుకునేలా మంచిది చెప్పండి. టైటానియం కొనమని ఒకరు, టూర్మలీన్ కొనమని ఒకరు... టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: చెల్లీ, ముందు ఆ ఏడొందల దాన్ని పక్కన పెట్టేయ్. వేడి తగ్గించుకునే వీలు లేని స్ట్రెయిట్‌నర్ రోజువారీ వాడకానికి పనికిరాదు, అది ఏ కంపెనీదైనా సరే. అలాంటివి చాలావరకు 200 డిగ్రీల దగ్గరికి పోయి అక్కడే ఉంటాయి. వారానికోసారి ఆ వేడిని జుట్టు తట్టుకుంటుందేమోగానీ రోజూ అయితే చిట్లక ఏం చేస్తుంది?

నీ జుట్టు దారిలో ఎందుకు లేచిపోతోందో చెబుతాను, అది తెలిస్తే ఏం కొనాలో సగం తేలిపోతుంది. నూలు చీర ఇస్త్రీ చేసి కట్టుకుని చెమట పడితే మడతలు ఎలా పడతాయో ఇదీ అంతే. జుట్టు కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. అందులో పోగుల మధ్య హైడ్రోజన్ బంధాలని ఉంటాయి, వేడి తగిలితే అవి విడిపోతాయి, జుట్టు చల్లారేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ కలుస్తాయి. అయితే వాటిని విడదీయడానికి వేడే అక్కర్లేదు, తేమ కూడా చాలు. మనది ఇటు కాలువలు, అటు చెరువులు, పక్కనే సముద్రం ఉన్న నేల. బస్సు కిటికీలోంచి ఆ తడిగాలి తగిలితే పొద్దున్న పడిన శ్రమంతా పోతుంది. మిషన్‌ని ఎంత వేడి చేసినా గాలిలో తేమ తగ్గదు కదా, కాబట్టి ఇంకా వేడెక్కే దాని కోసం వెతక్కు.

ఇప్పుడు ప్లేట్ల సంగతి. టైటానియం త్వరగా వేడెక్కుతుంది, ఆ వేడిని బాగా నిలుపుకుంటుంది, అందుకే పార్లర్లలో మొండి జుట్టుకి చేయి తిరిగినవాళ్లు వాడతారు. ఇంట్లో పొద్దున్నే హడావిడిలో ఒక్క క్షణం ఎక్కువ ఆగితే పాయ మాడిపోతుంది, రోజూ వాడేవాళ్లకి నేనైతే దాన్ని చెప్పను. టూర్మలీన్ అంటే ప్లేట్ల పూతలో కలిపే ఒక ఖనిజం, దాని గురించి ప్రచారమంతా స్టాటిక్ తగ్గిస్తుందనే. జుట్టు చిటపటలాడుతూ నిలబడిపోయే ఆ బాధ పొడిగాలి ఉండే ఊళ్లది. పాలకొల్లులో ఆ సమస్య ఎంతమందికుంది చెప్పు? దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. నీకు సిరామిక్ చాలు, వేడి ప్లేటంతా సమానంగా పాకుతుంది. కాకపోతే తక్కువ ధరలో దొరికేవి ఎక్కువగా పైపూత మాత్రమే సిరామిక్ ఉన్నవి, ఆ పూత లేచిందంటే గరుకుదేలి జుట్టు పట్టుకుని లాగుతుంది. నేను చాలా ఏళ్ల కిందట రాజమండ్రిలో ఒక ఎగ్జిబిషన్‌లో కొన్నది ఆరు నెలలకే పెచ్చులూడింది. పారేయడానికి మనసొప్పక ఇంకో రెండు నెలలు వాడాను, నుదుటి దగ్గర జుట్టంతా తెగిపోయింది. పెచ్చు కనిపించిన రోజే ఆపేసి ఉండాల్సింది.

కొట్లో అడగాల్సిన మొదటి మాట: వేడి డిగ్రీల్లో పెట్టుకోవచ్చా? తక్కువ, ఎక్కువ అని రెండు గుర్తులుంటే చాలదు, 150, 160, 170 అని అంకె కనబడాలి. పెట్టెలోంచి తీయించి రెండు ప్లేట్లూ మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకో, మధ్యలో సందు కనిపిస్తే వద్దను. సందున్నచోట జుట్టుకి వేడి తగలదు, అందుకే ఒకే పాయని నాలుగుసార్లు లాగాల్సి వస్తుంది, నీ అరగంట అంతా పోయేది అక్కడే. ప్లేటుని వేలితో నొక్కితే లోపల స్ప్రింగు ఉన్నట్టు కాస్త దిగాలి. ఒత్తు జుట్టు, అందులోనూ నడుం దాకా ఉంటే, ఒకటిన్నర అంగుళాల వెడల్పు ప్లేటు తీసుకో. భుజాల దాకా అయితే అంగుళం వెడల్పుది సరిపోతుంది, చెవుల పక్కా నుదుటి దగ్గరా అదే తేలిగ్గా తిరుగుతుంది. వైరు పొడవుగా ఉండి, మిషన్‌కి అతికే చోట గుండ్రంగా తిరగాలి. తిరగని వైరు మెలికలు పడి మెడ దగ్గరే తెగుతుంది. ఐఎస్ఐ గుర్తు చూడు. కొంతసేపటికి దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉందో లేదో తప్పకుండా అడుగు. మధ్యలో కరెంటు పోయి, నువ్వు స్విచ్ ఆపకుండానే బస్సుకి పరిగెత్తి, ఆ తర్వాత కరెంటు వచ్చిందనుకో, మంచం మీద దుప్పటి పక్కన అది గంటల తరబడి కాలుతూ ఉంటుంది. ఇవన్నీ ఉన్నవి నువ్వు చెప్పిన డబ్బులోనే దొరుకుతాయి. ఫలానా మోడల్ కొనమని మాత్రం చెప్పను, అవి తరచూ మారిపోతుంటాయి.

వాడేటప్పుడు 150 దగ్గర మొదలుపెట్టు. నీలాంటి ఒత్తు జుట్టుకి 170, మహా అయితే 180 పడుతుంది. సన్నజుట్టు వాళ్లు, రంగు వేసుకున్నవాళ్లు 150 దాటకుండా ఉంటే మేలు. పాయ సన్నగా తీసుకుని, ఎక్కడా ఆగకుండా, నెమ్మదిగా ఒక్కసారే లాగు. మూడుసార్లు లాగాల్సి వస్తోందంటే పాయ లావుగా తీసుకుంటున్నావన్నమాట, వేడి పెంచే ముందు అది సరిచెయ్. వేడి నుంచి కాపాడే స్ప్రే ముందే కొట్టి, అది ఆరాకే మిషన్ పెట్టు. అయ్యాక ఐదు నిమిషాలు జుట్టు ముట్టుకోకు, చల్లారితేనే ఆ ఆకారం నిలుస్తుంది. బస్సులో చున్నీ తలచుట్టూ కప్పుకుని, భీమవరంలో దిగాక తీసెయ్. ఇంకోమాట, తలంటుకున్న రోజు మొత్తం చేసుకుంటే మర్నాడూ ఆ మర్నాడూ ముఖం చుట్టూ ఉన్న పాయలు సరిచేసుకుంటే చాలు, రోజూ తలంతా కాల్చక్కర్లేదు. వానాకాలంలో మాత్రం హాయిగా జడ వేసుకో. ముసురు పట్టిన రోజున ఏ మిషనూ నిలబెట్టలేదు.

ప్రశ్న: మేడం గారూ, మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. తలకి కొబ్బరి నూనె రాసుకుని, దాని మీదే స్ట్రెయిట్‌నర్ పెడుతోంది. పొగ వస్తోంది. వద్దంటే "నూనె ఉంటే జుట్టు కాలదమ్మా" అంటోంది. నిజమేనాండి?
— ఒక తల్లి, రాజోలు

జవాబు: నిజం కాదండి, వెంటనే ఆపించండి. గానుగ కొబ్బరి నూనె సుమారు 175 డిగ్రీల దగ్గర పొగ వస్తుంది, అంటే ఆ జుట్టు నూనెలో వేగుతోందన్నమాటే. నెత్తి మీదికి కారితే చర్మం కూడా కాలుతుంది. అయితే నూనె చెడ్డదని మాత్రం అనుకోకండి. తలంటుకి ముందు రాసిన కొబ్బరి నూనె జుట్టులోని ప్రోటీన్ పోకుండా కాపాడుతుందని 2003లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది, పొద్దుతిరుగుడు నూనెకి ఆ గుణం కనిపించలేదు. కాబట్టి ముందురోజు రాత్రి మీ చేత్తో బాగా పట్టించండి, పొద్దున్న నూనె మొత్తం వదిలేలా తలంటి, పూర్తిగా ఆరాకే మిషన్ పెట్టుకోమనండి. తడిజుట్టు మీద అస్సలు వద్దు. వెంట్రుక లోపలి నీరు మరిగి ఆవిరై బుడగలు కడుతుంది, అక్కడే అది పుటుక్కున తెగుతుంది. ప్లేటు పెట్టగానే చుయ్‌మని శబ్దం వస్తే ఇంకా ఆరలేదని గుర్తు.

ప్రశ్న: మా పిన్ని కువైట్ నుంచి ఒకటి, మా అన్నయ్య అమెరికా నుంచి ఒకటి పంపారు. ఏది వాడాలి?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: పిన్నిగారిది వాడుకోవచ్చమ్మా, అక్కడ కరెంటు 240 వోల్టులు, మనది 230. పిన్నులే వేరు, పలకల్లా లావుగా ఉంటాయి, ఎలక్ట్రికల్ షాపులో అడాప్టర్ అడుగు. అన్నయ్య పంపినదాన్ని మాత్రం చూడకుండా ప్లగ్గులో పెట్టకు. దాని ఒంటి మీద సన్నక్షరాల్లో 100-240 అని ఉంటే భయం లేదు. ఒక్క 120 మాత్రమే ఉంటే అది అక్కడి కరెంటుకే చేసినది. మన ఇంట్లో పెడితే దాదాపు నాలుగు రెట్ల పవర్ లాగేసి నిమిషాల్లో కాలిపోతుంది, చేతిలో ఉండగానే కాలొచ్చు. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజిని తగ్గించదు, చాలామంది ఇక్కడే పొరపాటు పడుతున్నారు.

ప్రశ్న: ఈ గొడవంతా లేకుండా పార్లర్‌లో కెరటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకుంటే ఆరు నెలలు నిశ్చింత అంటున్నారు. చేయించుకోనా?
— ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: ముందు ఆ సీసా మీద ఏం రాసుందో చదవనిమ్మని అడగండి. ఫార్మాల్డిహైడ్ ఉన్నవి కళ్లకీ గొంతుకీ మంట, అది క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్న పదార్థం. అది లేదని చెప్పి అమ్మేవాటిలో కొన్నిట్లో గ్లైయాక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. పార్లర్‌లో మూడుసార్లు స్ట్రెయిట్‌నింగ్ చేయించుకున్న ఒక 26 ఏళ్ల యువతికి మూడుసార్లూ కిడ్నీ దెబ్బతిన్న ఉదంతం 2024లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఆమెకి వాడిన క్రీములో ఉన్నది ఈ ఆమ్లమే. సీసా చూపించని పార్లర్‌లో కూర్చోకండి. గర్భంతో ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు ఆ వైపే వెళ్లొద్దు.

ప్రశ్న: ప్లేట్ల మీద గోధుమరంగు మరకలు. ఎలా పోతాయి?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మాడిన సీరం, నూనె అవి. ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక, మెత్తటి గుడ్డకి కాస్త సర్జికల్ స్పిరిట్ అద్ది తుడవండి. ఒకేసారి పోకపోతే రెండు మూడు రోజులు అలాగే చేయండి. చాకుతో గీకొద్దు, పీచుతో రుద్దొద్దు, పూత లేచిపోతుంది. స్పిరిట్ పూర్తిగా ఆరాకే మళ్లీ కరెంటులో పెట్టండి.