కొబ్బరికాయ కొట్టనన్నందుకు లా చదవాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి బీకాం చదివి శ్రీసిటీలో ఒక కర్మాగారంలో హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తోంది. తనకు దేవుడి మీద నమ్మకం లేదు. ఆయుధపూజ నాడు కొబ్బరికాయ కొట్టనన్నందుకు మేనేజరు అందరి ముందు మందలించారట. ఇప్పుడు ఉద్యోగుల నమ్మకాలకు రక్షణనిచ్చే చట్టాలపై ఆన్‌లైన్ డిప్లొమా చేస్తానంటోంది, ఫీజు 90 వేలు. కాదంటే ఎల్‌ఎల్‌బీ అంటోంది. దేవస్థానం ఉద్యోగాలకు ప్రయత్నించమంటే వినదు. ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది చదువు గురించే అయినా, మీ ఉత్తరంలో నేను అచ్చువేయకుండా వదిలేసిన భాగమంతా నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగే. ముందుగా దేవస్థానం మాట. ఆ కొలువులకు హిందువులై ఉండాలన్నది నియమం. మతసంస్థల నిర్వహణకు సంబంధించిన పదవులకు అటువంటి చట్టం చేసుకోవచ్చని రాజ్యాంగం 16(5) అధికరణం చెబుతోంది. నమ్మకం లేకుండా ఆ ఉద్యోగం చేయలేనని మీ అమ్మాయి అంటుంటే అది మొండితనం కాదు, నిజాయితీ. అబద్ధమాడి అయినా కొలువులో చేరమని చెబుతున్నది మీరు.

ఇక డిప్లొమా. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది చేతుల్లో ఇటువంటి కోర్సుల కరపత్రాలే కనిపిస్తున్నాయి. వాటిలో చెప్పేది ఎక్కువగా బ్రిటన్ 2010 సమానత్వ చట్టం. అక్కడ మతాన్నే కాక, మతం లేకపోవడాన్ని కూడా చట్టం కాపాడుతుంది. నైతిక కారణాలతో జంతు ఉత్పత్తులన్నీ మానేసిన వ్యక్తి నమ్మకానికి కూడా ఆ రక్షణ వర్తిస్తుందని 2020లో అక్కడి ట్రిబ్యునల్ తేల్చింది. వినడానికి బాగుంటుంది కానీ, అది శ్రీసిటీలో చెల్లదు. మన రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను ఇచ్చినా, అది ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసే హక్కు. నాసిక్‌లో ప్రార్థనవేళ చేతులు జోడించని ఉపాధ్యాయుడికి బొంబాయి హైకోర్టు 2013లో అండగా నిలిచిందంటే, అది ప్రభుత్వ సాయంతో నడిచే పాఠశాల. ప్రైవేటు కొలువుల్లో మత వివక్షను సమగ్రంగా నిషేధించే కేంద్ర చట్టమేదీ మనకు లేదు. విదేశీ క్లయింట్లకు సేవలందించే కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల్లో తప్ప ఆ డిప్లొమాను అడిగేవారు తక్కువ. 90 వేలు అందుకోసం ఖర్చు పెట్టమని నేను చెప్పలేను.

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ అయితే న్యాయవాదిగా నమోదుకు పనికివస్తుంది, కార్మిక చట్టాలూ వస్తాయి; తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనే ఆ చదువు ఉంది. అయితే రోజూ తరగతులకు వెళ్లాలి కాబట్టి ఉద్యోగం వదులుకోవలసి వస్తుంది. ఒక్క మందలింపు మీద కోపంతో తీసుకునే నిర్ణయమైతే ఆరు నెలలు ఆగమనండి. అప్పటికీ ఆసక్తి తగ్గకపోతే మీరు అడ్డుపడకండి.

భయపడవలసినంత ఏమీ జరగలేదు. ఆమెను పనిలోంచి తీసేయలేదు, మెమో కూడా ఇవ్వలేదు. ఎందుకైనా మంచిది, ఆ రోజు ఎవరు ఏమన్నారో తేదీతో సహా రాసిపెట్టుకోమనండి. రాశాక ఆ కాగితం మీరూ ఒకసారి అడిగి చదవండి.