రెండో సీటు కొన్నా వేరే వరుసలో పడితే

భారీకాయులైన మీ నాన్నగారికి వైజాగ్ నుంచి హైదరాబాద్ మీదుగా వెళ్లే విమానంలో రెండు సీట్లు కొంటే అవి వేర్వేరు వరుసల్లో పడ్డాయి, ఏం చేయాలని అడిగారు. ఆ రెండో సీటును మామూలు ప్రయాణికుడి టికెట్‌లా విడి పీఎన్‌ఆర్‌లో తీసుకుని ఉంటారు. సిస్టమ్‌కి అది ఇంకో మనిషి, అందుకే 9వ వరుసలో ఒకటి, 22లో ఒకటి వేసింది.

1. వెబ్ చెక్-ఇన్ ఆపి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. ఇద్దరు కాదు, ఒకరికే అదనపు సీటు అని చెప్పి, పక్కపక్కన వేయించండి.

2. మొదటి వరుస వద్దు. అక్కడ ట్రే ఆర్మ్‌రెస్ట్‌లోనే (చెయ్యి ఆనించుకునే పట్టీ) ఉంటుంది కాబట్టి ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు, రెండు సీట్లూ కలిపి కూర్చోవడం కుదరదు.

3. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: అదనపు సీటుకీ బోర్డింగ్ పాస్ ఉంటుంది. వైజాగ్ కౌంటర్‌లో రెండూ అడిగి తీసుకోండి, గేటు దగ్గర రెండూ స్కాన్ చేయించండి. ఒక్కటే స్కానయితే రెండోది నో-షో (ప్రయాణికుడు రాలేదని) కింద పోయి, ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. హైదరాబాద్‌లో విమానం మారినప్పుడూ ఇదే పని.

4. బెల్టు చాలకపోతే ఎక్కగానే క్రూని ఎక్స్‌టెండర్ (బెల్టు పొడవు పెంచే అదనపు ముక్క) అడగండి. బయట కొన్నది సాధారణంగా ఒప్పుకోరు. ఎక్స్‌టెండర్ వాడేవాళ్లకి ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరుస ఇవ్వరు.